ఉల్లిపొట్టు నీళ్ల రీడింగు

బ్లాంకు పెట్టానా, పెట్టలేదా? ఈ అనుమానం పెద్దక్కను పద్నాలుగేళ్లుగా వదల్లేదు. పొద్దున్నే కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేటప్పుడు వచ్చేది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే వచ్చేది. ఒకసారి పళ్ల డాక్టరు నోరు బాగా తెరవమన్నప్పుడు కూడా వచ్చింది. పెట్టాననుకుంటే పెట్టినట్టే కళ్లకు కట్టేది, లేదనుకుంటే లేనట్టే కనిపించేది. అడిగినవాళ్లు ఎలా అడిగితే అలా సాక్ష్యం చెప్పే మనిషిలాంటిది జ్ఞాపకం. దాన్ని నమ్ముకుని ఎవరూ ఒడ్డున పడలేరు.

ఆమె పనిచేసేది మొక్కల రసాలు పరీక్షించే లాబులో. అక్కడందరిలోకీ పాత మనిషి కాబట్టి పేరు పోయి పెద్దక్క మిగిలింది. మొక్కలు ఎండ నుంచీ పురుగుల నుంచీ తమను కాపాడుకోవడానికి కొన్ని పదార్థాలు తయారు చేసుకుంటాయి. వాటిలో ఫ్లేవనాయిడ్లనేవి ఒక పెద్ద కుటుంబం. మన చర్మంలో సాగి మళ్లీ ముడుచుకునే సన్నని పోగులుంటాయి. వాటిని తెంపే ఎంజైము ఒకటుంది. వయసు మీదపడేకొద్దీ దానిదే పైచేయి అయి, చర్మం వదులై ముడతలు పడుతుంది. ఏ ఆకు రసం, ఏ తొక్క రసం ఆ ఎంజైము చేతులు కట్టేస్తుందో కనిపెట్టడం లాబు పని.

అందుకు అరచేయంత ప్లాస్టిక్ ప్లేటు వాడతారు. దాంట్లో తొంభై ఆరు బుల్లి గుంటలు. గుంటలో ఎంజైమూ, అది తెంపడానికి ఒక పదార్థమూ వేస్తే, తెగినకొద్దీ పసుపు రంగు తేలుతుంది. మెషీను ఆ పసుపును అంకెల్లో చెబుతుంది. ఏమీ కలపని ఎంజైముకు వచ్చిన అంకెను నూరనుకుంటే, మొక్క రసం కలిపాక నూరుకు ఎంత తగ్గితే ఎంజైము అంత అదుపులో ఉన్నట్టు. అయితే ఇందులో ఒక చిక్కుంది. మొక్కల రసాలు చాలావరకు తమంతట తామే పసుపు. అందుకని ఎంజైము లేకుండా ఒట్టి రసం పోసిన గుంట ఒకటి పక్కన పెట్టి, దాని అంకెను తీసేయాలి. దాన్నే బ్లాంకు అంటారు. అది పెట్టకపోతే మొక్క సొంత రంగు కూడా ఎంజైము చేసిన పని కింద జమైపోతుంది. మంచి మొక్క చెడ్డదనిపించుకుంటుంది.

పెద్దక్క బెంగంతా వదినమ్మ ఇచ్చిన ఉల్లిపొట్టు నీళ్ల గురించి.

వదిన అంటే పేరుకే వదిన. పెద్దక్కకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటికి ఏడాది ముందు కాపురానికొచ్చిన అన్న భార్యకు ఇరవై ఏళ్లు. ఆ ఇరవయ్యేళ్ల పిల్లే ఈ తొమ్మిదేళ్ల పిల్లకు తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, లెక్కలు రాకపోతే తనకూ రాక ఇద్దరూ కలిసి ఏడ్చారు. ముద్దుగా చిట్టీ అనేది. ఇద్దరి మధ్యా మాటల్లో ఎప్పుడూ ఎకసెక్కమే. చిట్టి సన్నగా ఉందని వదిన గొడుగు కర్ర అంటే, వదిన వంటలో ఉప్పెక్కువైందని చిట్టి సముద్రం ఎంత దూరమని అడిగేది. పెళ్లయి వేరే ఇంటికి వెళ్లాక కూడా వారం తిరిగేసరికి వదిన దగ్గర నాలుగు చీవాట్లు తింటేగాని ఆమెకు అన్నం సయించేది కాదు.

ఆ వదిన రోజూ ఒక పని చేసేది. ఎర్ర ఉల్లిపాయల పైపొట్టు కడిగి, ఒక గాజు గిన్నెలో వేసి, మరిగే నీళ్లు పోసి మూతపెట్టేది. చల్లారాక వడకడితే చిక్కని తేనె రంగు నీళ్లు వచ్చేవి. వాటితో ముఖం కడుక్కునేది. యాభై దాటినా ఆమె ముఖాన గీత ఉండేది కాదు. ఒకరోజు చిన్న సీసాలో ఆ నీళ్లు పోసి ఆడపడుచు చేతిలో పెట్టింది. మీ లాబులో ఊరి ఆకులన్నీ చూస్తారుగా, నాదీ ఒకసారి చూసిపెట్టు, చూసి కాగితం మీద రాసివ్వు అంది. నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వు వెనక ఆశ ఉంది. అది పెద్దక్కకు అప్పుడు కనపడలేదు.

లాబు ప్లేటులో ఇంటి సీసాకు చోటు దొరకడం కష్టం. ఒక సాయంత్రం ఆఖరి వరస చివర మూడు గుంటలు మిగిలాయి. ఆ మూడింట్లో వదిన నీళ్లు వేసి మెషీనులో పెట్టింది. అంకె నూరుకు నూట పద్దెనిమిది వచ్చింది. అంటే తగ్గడం పోయి పెరిగింది.

అది అక్కడితో వదిలేసినా బాగుండేది. ఆ ఆదివారం అన్నగారింట్లో పదిమంది చుట్టాలు భోజనానికి కూర్చున్నారు. మాటల్లో వదిన నిగనిగ గురించి ఎవరో మెచ్చుకున్నారు. పెద్దక్కకు నోరు ఊరుకోలేదు. "మా మెషీను వేరే చెబుతోంది. ఈ నీళ్లతో ముసలితనం ఆగడం కాదు, పద్దెనిమిది పాళ్లు పరుగెత్తుకొస్తోందట" అంది. పదిమందీ పొట్ట పట్టుకుని నవ్వారు. వదిన కూడా నవ్వింది. నవ్వుతూ లేచి వెళ్లి, గాజు గిన్నెలోని నీళ్లు తూములో పారబోసి వచ్చి, పెరుగు ఎవరికి కావాలని అడిగింది.

తగాదా ఏమీ జరగలేదు. జరిగి ఉంటే సర్దుకునేవాళ్లు. వదిన ఆ రోజు నుంచి మర్యాదగా మారిపోయింది. వెళ్తే ముందుగదిలో కుర్చీ చూపించేది, పళ్లెంలో గ్లాసు పెట్టి మంచినీళ్లిచ్చేది, మీ ఆయన బాగున్నారా, మీ ఉద్యోగం బాగుందా అని అడిగేది. అడిగిందానికి జవాబు వినేది. అంతే. ఒక్క చీవాటు లేదు, ఒక్క ఎకసెక్కం లేదు. తనే పనిగట్టుకుని కూరలో ఉప్పు లేదని గిల్లితే, అయ్యో అలాగా, తెచ్చిపెడతానుండండి అనేది. పద్నాలుగేళ్లు. ఆ ఇంటి మెట్లు దిగేటప్పుడల్లా పెద్దక్కకు తల్లి రెండోసారి పోయినట్టుండేది. నోరు విప్పి అడగడానికేమో భయం. ఏమని అడగాలి? నన్నెందుకు తిట్టడం లేదని అడగాలా?

ఆ తరవాత కొన్ని నెలలకే, ఎవరో కొత్తవాళ్లకు పని నేర్పుతూ బ్లాంకు సంగతి చెబుతున్నప్పుడు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజు మూడే గుంటలున్నాయి కదా. మూడింట్లోనూ ఎంజైము వేశానా? ఒకదాన్ని బ్లాంకుగా ఉంచానా? అప్పటికి ఆ నోటుపుస్తకం ఎక్కడో బీరువా అడుగున పడింది. వెతకొచ్చు. వెతకలేదు. తప్పు తనదని తేలితే ఆ తరవాత ఏం చేయాలో తెలియదు కనక.

దేవుడి దగ్గర మాత్రం ఈ మాట ఎత్తేది. నీకు తెలుసుగా, ఎందుకు చెప్పవు అనేది. ఇంకో ప్రశ్న కూడా ఉండేది ఆమెకు. ఉల్లిపాయ తన రంగంతా, తన మందుగుణమంతా పైపొట్టులో దాచుకుంటుంది. మనం కత్తి పట్టగానే మొదట తీసి పారేసేది అదే. పారేసేదాంట్లో అంత మంచి ఎందుకు పెట్టావు స్వామీ? అది ఉల్లిపాయ కోసమా, మా కోసమా? ఉల్లిపాయ కోసమే అయితే మేం అడుక్కోవడం ఏమిటి? జవాబు వచ్చేది కాదు. ఆయనేం మీట నొక్కితే అంకె చెప్పే మెషీను కాదు కదా అని తనే సర్దిచెప్పుకుని లేచేది.

రిటైర్మెంటుకు రెండు నెలలుందనగా లాబులో పాత నోటుపుస్తకాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి కాగితాలు తీసేయాలన్నారు. పాత రాత చదవగలిగింది పెద్దక్కే కాబట్టి పని ఆమె మీదే పడింది. నాలుగోరోజు ఆ పుస్తకం చేతికొచ్చింది. పేజీ తిప్పింది. ప్లేటు బొమ్మ, ఆఖరి వరస, చివరి మూడు గడులు. మూడింట్లోనూ పెన్సిలుతో 'వ' అని రాసి ఉంది. పక్కన ఎంజైము గుర్తు మూడింటికీ ఉంది. కింద లెక్కలో తీసివేత లేదు.

అనుమానం తీరిపోతే మనసు తేలికవుతుందంటారు. ఆమెకు తేలిక కాలేదు. స్టూలు మీద కూర్చుని ఆ మూడు 'వ'ల కేసి చాలాసేపు చూసింది. పరాయివాళ్ల మొక్కలకు బ్లాంకు పెట్టింది, పెంచిన చేతులు తెచ్చిన నీళ్లకు పెట్టలేదు. చోటు లేదన్నది నిజమే. కాని ఇంకో రోజు ఆగొచ్చుగా. ఆగకపోవడానికి కారణం, ఇంటిపట్టున ఉండే ఆవిడ ఇచ్చిన సీసాడు నీళ్లలో ఏముంటుందిలే అని ముందే అనుకోవడం. అదీ అసలు తప్పు.

లాబు పెద్ద ఆమెకంటే ఇరవయ్యేళ్లు చిన్నది. మేడమ్ అని పిలిచినా కూతురి వయసు. పెద్దక్క ఆమె గదిలోకి వెళ్లి, నాకో ప్లేటులో ఒక వరస కావాలి మేడమ్ అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. మేడమ్ మొదట నవ్వింది, రిటైరవుతూ అందరూ శాలువా అడుగుతారు, మీరు ఉల్లిపొట్టు అడుగుతున్నారంది. తరవాత పేజీ చూసి నవ్వు మానేసింది. ఇవ్వడానికి ఒప్పుకుంది గాని షరతు పెట్టింది. "ఈసారి బ్లాంకులూ, సబ్బు చుక్కా అన్నీ పెట్టండి పెద్దక్కా. మీ వదినగారు గెలవాలని కాదు, నిజమేదో తేలాలని చేయండి" అంది. కొన్ని రసాలు ముద్దలు కట్టి ఏ ఎంజైమునైనా ఊరికే ఇరికించేస్తాయి. సబ్బులాంటి ద్రావణం ఒక చుక్క వేస్తే ఆ ముద్దలు విడిపోయి అబద్ధం బయటపడుతుంది. అదీ సబ్బు చుక్క సంగతి.

సాయంత్రం కూరగాయల దుకాణంలో ఉల్లిపాయల కుప్ప కింద రాలిన పొట్టు ఏరుతుంటే దుకాణంవాడు పొట్టు ఊరికే ఇస్తాగాని కాస్త లోపలున్నవి కూడా కొనమ్మా అన్నాడు. ఇంట్లో భర్త గిన్నెలోకి తొంగిచూసి, పొట్టు వండుతున్నావా, అంత జీతం తగ్గించేశారా అని అడిగాడు. ఇది వదిన నీళ్లని చెప్పగానే ఆయన ఇంకేమీ అనకుండా మూత తెచ్చి పెట్టాడు. పద్నాలుగేళ్లుగా అన్నగారింటి నుంచి వచ్చిన ప్రతిసారీ భార్య మొహం చూస్తున్న మనిషి ఆయన.

మర్నాడు ప్లేటు సిద్ధం చేసింది. రసం కొలిచి గుంటల్లో వేసే పిపెట్టును చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టింది. కాసేపు ఆగి, గెలిపించమని కాదు, కనిపించేట్టు చెయ్యమని మనసులోనే అడిగి, మళ్లీ పట్టుకుంది. మెషీను అరగంట తీసుకుంది. బ్లాంకు తీయకముందు అంకె నూట పన్నెండు. పాత పుస్తకంలో ఉన్నదానికి అటూ ఇటూగా అదే. బ్లాంకు తీసేశాక నలభై ఒకటి. సబ్బు చుక్క వేసిన గుంటల్లో యాభై రెండు.

పెద్దక్క మూడుసార్లు లెక్క చేసింది. మేడమ్ వచ్చి ఒకసారి చేసింది. ముద్దలు విడిపోయాక కూడా ఎంజైము సగానికి దగ్గరగా ఆగిందని ఒప్పుకుంది. ఆపైన మెల్లగా, ఇది గుంటలో జరిగిన సంగతి, చర్మం గుంట కాదు, ఎంత లోపలికి దిగుతుందో మనం చూడలేదు, ఆమె ముఖం దీనివల్లే అలా ఉండేదని మాత్రం రాయకండి అని హెచ్చరించింది. పెద్దక్క రాయనని మాటిచ్చింది. ఒకసారి చూడనిది చెప్పి ఏమైందో తనకంటే తెలిసినవాళ్లెవరు?

ఆదివారం పొద్దున పదకొండింటికి అన్నగారింటి మూడో అంతస్తు ఎక్కింది. తలుపు తీసిన అన్న, పేపరు చేత్తోనే, ఏమిటి విశేషం అన్నాడు. వదిన లోపలి నుంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, రండి, ఎండలో వచ్చారు, కూర్చోండి అని కుర్చీ చూపించింది. అరవై తొమ్మిదేళ్ల ముఖం. కళ్ల పక్కన, నోటి పక్కన గీతలు సన్నగా, వత్తుగా ఉన్నాయి.

పెద్దక్క కూర్చోలేదు. సంచిలోంచి కాగితం తీసి అందించింది. దారిలో చాలా మాటలు కూడబలుక్కుంది గాని నోటికొచ్చింది ఒకటే.

"వదినా, ఆరోజు పదిమందిలో నేను చెప్పింది తప్పు. నీళ్ల తప్పు కాదు. నాదే."

వదిన కళ్లజోడు వెతుక్కుని కాగితం చదివింది. మూడు గుంటల సంగతీ, పెట్టని బ్లాంకు సంగతీ పెద్దక్క నిలబడే చెప్పింది. నీ నీళ్లకు సొంత రంగుంది, ఆ రంగును నేను నేరం కింద రాశాను అంది. గుంటలోది గుంటలోదే, ముఖం సంగతి నాకు తెలియదని కూడా చెప్పింది. వదిన వింటూ కాగితం మీద వేలు కదుపుతోంది.

"నలభై ఒకటేంటి? మార్కులా?"

"తక్కువొస్తేనే మంచిది వదినా."

"తక్కువొచ్చినందుకు నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు" అంది వదిన. కాగితం మడిచింది. మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. ఇప్పుడెందుకులెండి ఇవన్నీ అని లోపలికి వెళ్లబోయింది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ముఖం కోసం కడుక్కునేదాన్ననుకున్నావా?"

వదిన గోడకేసి చూస్తూ చెప్పుకొచ్చింది. అత్తగారు పోయిన ఏడాది. రోజూ నా జడ పట్టుకుని పడుకునేదానివి. ఒకరోజు నా తలలో ఒక తెల్ల వెంట్రుక కనపడిందని ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చావు. ముసలివాళ్లయితే చచ్చిపోతారు, నువ్వు ముసలిదానివి అవ్వకు అని నా చేత ఒట్టు వేయించుకున్నావు. ఇరవయ్యేళ్లకు ఒకే ఒక్క వెంట్రుక. నవ్వొచ్చింది. కాని నువ్వు నిద్రపోలేదు. కింది వాటా ఆవిడ ఈ నీళ్ల సంగతి చెప్పింది. పొద్దున్నే నీ ఎదురుగా కడుక్కుంటే అప్పుడు బడికి వెళ్లేదానివి.

"పిల్లవు, మర్చిపోయావు. నేను మర్చిపోలేదు. ముప్పై అయిదేళ్లు కడిగాను" అంది వదిన. "అదే నోటితో, నాకు ముసలితనం తొందరగా వస్తోందని పదిమందిలో నువ్వే నవ్వావు. ఇంకెవరి కోసంలే అనిపించింది."

అన్న పేపరు దించాడు. ఆయనకూ ఇది ఇప్పుడే తెలుస్తున్నట్టుంది. పెద్దక్కకు ఆ తెల్ల వెంట్రుక గుర్తు రాలేదు. ఎంత తవ్వినా రాలేదు. జడ వాసన మాత్రం వచ్చింది, తడి ఆరని జడ, గుప్పిట్లో దాని బరువు. ఆమె వెళ్లి వదిన భుజానికి నుదురు ఆనించింది. ఇద్దరిలో ఎవరు పొడుగో, ఎవరు పొట్టో ఇన్నేళ్లకు తెలిసింది. వదిన వయసుతో కాస్త వంగిపోయింది. గొడుగు కర్ర ఇప్పటికీ నిటారుగానే ఉంది.

కాసేపటికి వదిన ఆమెను వేలితో పొడిచింది.

"ఏడ్చింది చాల్లే. మరి ఈ పద్నాలుగేళ్ల ముడతలెవరు తీస్తారు? అది రాసిందా మీ మెషీను?"

"నాకైతే తేడా ఏమీ కనిపించలేదు" అన్నాడు అన్న.

"మీకు గోడకూ తలుపుకూ తేడా కనిపించదు. మీరు పేపరు చదవండి" అంది వదిన. తరవాత కాగితం తీసుకెళ్లి అలమర తలుపు లోపలి వైపు అతికించమని అన్నకు పురమాయించింది. తలకిందులుగా అతికించకండని కూడా చెప్పింది. వెనక్కి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని ఆడపడుచు కేసి చూసింది.

"తప్పులు దిద్దుకునే రోజే అయితే నాకు ఇంకోటి రావాలి. నువ్వు లాబు కోర్సు చదివేటప్పుడు రాత్రి అంట్లు నీ వంతు. రెండేళ్లూ నేనే తోమాను. పరీక్షలవగానే కలిపి తోమేస్తానన్నావు. పరీక్షలయ్యాయి, ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది, ఇప్పుడు రిటైరు కూడా అవుతున్నావు చిట్టీ. గిన్నెలు ఇంకా అక్కడే ఉన్నాయి."

రెండేళ్ల అంట్లు ఒక్కరోజులో ఎలాగని పెద్దక్క అడగలేదు. చీర కొంగు దోపుకుని వంటింట్లోకి నడిచింది. తొట్టి నిండా పొద్దుటి గిన్నెలు, పాలు అంటిన దాక, అడుగంటిన మూకుడు. పీచు తీసుకుని మొదలుపెట్టింది. వదిన గుమ్మానికి ఆనుకుని, మూకుడు అడుగు తిప్పి చూడు, అక్కడ నల్లగా ఉంది, గుంటలు కడిగే చేతులకు గిన్నెలేం తెలుస్తాయి అని సణుగుతోంది. నీళ్ల చప్పుడులో సగం వినపడలేదు. వినపడని సగాన్ని పెద్దక్క మళ్లీ చెప్పమని అడిగింది. వదిన మళ్లీ చెప్పింది, ఈసారి ఇంకో రెండు తిట్లు కలిపి.

మూకుడు తిప్పి, మాడు పోయేదాకా రుద్ది, కడిగి, బోర్లించింది.